గొంతునొప్పి తగ్గాక కిడ్నీ వాపు: ఆధార పొర మీద యాంటీబాడీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పది రోజుల కిందటి గొంతునొప్పి తగ్గిపోయింది, పిల్లవాడు మళ్లీ బడికి వెళ్తున్నాడు. ఒక రోజు పొద్దున కళ్ల చుట్టూ వాపుతో లేచాడు. మూత్రం పాలు కలపని టీ రంగులో వచ్చింది. ఆసుపత్రి రిపోర్టులో ‘గ్లోమెరులోనెఫ్రైటిస్’ (కిడ్నీలోని జల్లెడ వాపు) అన్న మాట చూసి, ఫోనులో వెతికి, ‘బేస్‌మెంట్ మెంబ్రేన్ మీద యాంటీబాడీలు’ అన్న చోట ఆగి, దాదాపు అదే పేరున్న మరో తీవ్రమైన జబ్బు గురించి చదివి రాత్రంతా కన్ను మూయని తల్లిదండ్రులు ఉంటారు. ఈ ప్రశ్నలూ జవాబులూ వాళ్ల కోసం. మొదటి జబ్బును రెండోదిగా పొరబడితే అనవసరమైన భయం. రెండోదాన్ని మొదటిదిగా పొరబడితే మాత్రం కిడ్నీ పోతుంది.

బేస్‌మెంట్ మెంబ్రేన్ అంటే ఏమిటి?

తెలుగులో ఆధార పొర అనుకోవచ్చు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల గ్లోమెరులస్‌లు ఉంటాయి. గ్లోమెరులస్ అంటే సన్నని రక్తనాళాల చిన్న ఉండ. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో చాలా భాగం తిరిగి ఒంట్లోకే వెళ్లిపోగా, మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా బయటికి వస్తుంది.

ఈ వడపోత జరిగే గోడకు మూడు అంచెలు. రక్తం వైపు ఒక వరుస కణాలు, మూత్రం వైపు పోడోసైట్లు అనే మరో వరుస కణాలు, వాటి నడుమ ఏ కణమూ లేని ఒక పొర. అదే ఆధార పొర. దాని మందం సుమారు 300 నుంచి 350 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో రెండు వందో వంతు. దాన్ని నేసిన దారాలలో ముఖ్యమైనవి నాలుగో రకం కొలాజెన్, లామినిన్, నిడోజెన్, హెపరాన్ సల్ఫేట్ ఉన్న ప్రోటియోగ్లైకాన్లు. పొరకు బలమిచ్చేది కొలాజెన్. హెపరాన్ సల్ఫేట్ వల్ల పొరకు రుణ విద్యుదావేశం వస్తుంది. ఈ ఆవేశం సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

ఇన్ఫెక్షన్ తగ్గిన తర్వాత కిడ్నీ ఎందుకు వాస్తుంది?

ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యేది గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత ఒకటి నుంచి మూడు వారాలకు, చర్మం మీద చీము పొక్కుల తర్వాత మూడు నుంచి ఆరు వారాలకు కిడ్నీ లక్షణాలు కనిపిస్తాయి. ఆ నడిమి కాలంలో శరీరం యాంటీబాడీలను తయారుచేసుకుంటూ ఉంటుంది. సూక్ష్మజీవి నేరుగా కిడ్నీని చెరిచేదైతే ఇన్ని రోజులు ఆగనక్కర్లేదు. దెబ్బ రోగనిరోధక వ్యవస్థ నుంచి వస్తోందని వైద్యులు మొదట అనుమానించింది ఈ ఆలస్యాన్ని చూసే.

అంటే బ్యాక్టీరియా కిడ్నీలోకి చేరదా?

బతికున్న బ్యాక్టీరియా చేరదు. దాని ముక్కలు చేరతాయి. వాటిలో రెండింటి మీద పరిశోధకుల దృష్టి ఎక్కువగా ఉంది. ఒకటి ప్లాస్మిన్‌ను పట్టుకునే ప్రోటీన్ (ప్లాస్మిన్ అంటే రక్తపు గడ్డలను కరిగించే ఎంజైము), రెండోది ఎస్‌పీఈ‑బీ అనే ఎంజైము. ఈ రెండోదానికి ధన విద్యుదావేశం ఉంటుంది. ఆధార పొరది రుణావేశం కదా, అందుకే అది పొరకు అతుక్కుని, దాన్ని దాటి పోడోసైట్ల కిందికి కూడా వెళ్లగలదు. అక్కడ యాంటీబాడీ వచ్చి దానితో జతకూడుతుంది, కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షక ప్రోటీన్లు మేలుకుంటాయి, తెల్ల రక్తకణాలు గుంపుగా చేరతాయి. జల్లెడ వాచిపోతుంది. రక్తకణాలు మూత్రంలోకి జారిపోతాయి, నీరూ ఉప్పూ ఒంట్లో నిలిచిపోతాయి. ముఖం ఉబ్బేది, బీపీ పెరిగేది అందుకే.

మరి యాంటీబాడీలు సొంత ఆధార పొర మీద కూడా తయారవుతాయా?

తయారవుతాయి. దీనికి ఆధారాలు దొరికిన తీరు కాస్త వివరంగా చెప్పాలి.

స్ట్రెప్టోకాకస్ కణపొరకూ మనిషి గ్లోమెరులస్ ఆధార పొరకూ పోలిక ఉందనీ, ఒకదాని మీద పుట్టిన యాంటీబాడీ రెండోదాన్ని కూడా పట్టుకోగలదనీ మార్కోవిట్జ్, లాంగే అనే పరిశోధకులు 1964లోనే ప్రకటించారు. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో చర్మపు ఇన్ఫెక్షన్ల వెంట ఈ కిడ్నీ జబ్బు విరివిగా వచ్చేది. అక్కడి వైద్యుడు పూన్ కింగ్, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన జబ్రిస్కీ, ఫిలిట్ కలిసి రోగుల సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, పరీక్షించారు. ఈ రోగుల సీరంలో గ్లోమెరులస్‌లోని హెపరాన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్ మీద యాంటీబాడీలు ఉన్నాయని 1985లో వెల్లడించారు. మరుసటి ఏడాది కెఫలైడ్స్ అనే పరిశోధకుడితో కలిసి చేసిన పనిలో నాలుగో రకం కొలాజెన్ మీద, లామినిన్ మీద కూడా యాంటీబాడీలు కనిపించాయి. ఆధార పొరను నేసిన ముఖ్యమైన దారాలలో చాలావరకు ఈ జాబితాలోకి వచ్చేశాయి.

అయితే జబ్బుకు కారణం ఆ యాంటీబాడీలేనా?

నా అభిప్రాయంలో, చాలామంది రోగుల విషయంలో అవి కారణం కంటే ఫలితం అయ్యే అవకాశమే ఎక్కువ. రెండు వాదాలనూ విని మీరే బేరీజు వేసుకోండి.

మొదటి వాదం పోలికది. బ్యాక్టీరియా ప్రోటీన్ మన ప్రోటీన్‌ను పోలి ఉంటుంది కాబట్టి యాంటీబాడీ పొరబడి సొంత పొరను కొడుతుంది. గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరంలో ఇలాంటి పోలికే ప్రధాన కారణమని భావిస్తారు కాబట్టి కిడ్నీ విషయంలోనూ ఇది నమ్మదగ్గదిగానే తోస్తుంది.

రెండో వాదం ప్రకారం, వాపు మొదలయ్యాక తెల్ల రక్తకణాల ఎంజైములూ ప్లాస్మినూ పొరను అక్కడక్కడా కొరుకుతాయి. అంతవరకు మడతల్లో దాగి ఉన్న భాగాలు బయటపడతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని కొత్త సరుకుగా చూసి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఇల్లు కూలాక పునాది రాళ్లు కనిపించినట్టు. పునాది కనిపించడం వల్ల ఇల్లు కూలలేదు.

నేను రెండో వాదం వైపు మొగ్గడానికి కారణాలున్నాయి. ఈ జబ్బులో ఆధార పొర వెంబడి యాంటీబాడీ ఏకధారగా పరుచుకుని ఉండదు, చుక్కలుగా ఉంటుంది. పొర దారాలనే వెతుక్కుంటూ వచ్చిన యాంటీబాడీ అయితే పొర పొడవునా పరుచుకోవాలి. ఇంకొకటి, లామినిన్ మీద యాంటీబాడీలు ఈ జబ్బుకే పరిమితం కావు. దక్షిణ అమెరికాలో కనిపించే చాగాస్ వ్యాధి రోగులలోనూ వాటిని గుర్తించారు, అది ప్రధానంగా గుండెనూ జీర్ణనాళాన్నీ దెబ్బతీసే జబ్బు.

మూడో కారణం ప్రయోగశాల లోపలిది. అప్పట్లో ఇలాంటి పరీక్షలకు ఎక్కువగా వాడిన లామినిన్ ఎలుక కణితి నుంచి తీసింది. ఎలుక లామినిన్ మీద ఉండే ఒక రకం గాలక్టోజ్ చక్కెర గుర్తు మనిషి శరీరంలో లేదు. పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల ఆ చక్కెర మీద యాంటీబాడీలు మనందరి రక్తంలోనూ ముందే ఉంటాయి. కాబట్టి పరీక్షలో కనిపించింది నిజంగా లామినిన్ మీద యాంటీబాడీయా, ఆ చక్కెర మీదిదా అని విడదీసి చూడాల్సిందే. యాంటీబాడీ ఉందని తేలిన ప్రతిసారీ ‘దేనితో పరీక్షించారు?’ అని అడగడం మంచిది.

‘యాంటీ జీబీఎం జబ్బు’, ‘గుడ్‌పాశ్చర్ జబ్బు’ అని చదివాను. ఇదేనా అది?

కాదు. పేరులోని పోలికే ఇంత భయానికి మూలం.

జీబీఎం అంటే గ్లోమెరులస్ ఆధార పొరకు ఇంగ్లీషు పొట్టిపేరు. యాంటీ జీబీఎం జబ్బులో యాంటీబాడీయే దోషి, ఆ విషయం రుజువైంది కూడా. నాలుగో రకం కొలాజెన్‌లోని ఆల్ఫా 3 గొలుసు చివరి భాగాన్ని ఆ యాంటీబాడీ గురి చూసి పట్టుకుంటుంది. అదే గొలుసు ఊపిరితిత్తుల గాలి గదుల గోడల్లోనూ ఉండటంతో కొందరికి దగ్గులో రక్తం పడుతుంది. 1967లో లెర్నర్, గ్లాసాక్, డిక్సన్ రోగుల నుంచి తీసిన ఆ యాంటీబాడీలను కోతులకు ఎక్కించినప్పుడు వాటికీ కిడ్నీ జబ్బు వచ్చింది. యాంటీబాడీ దోషి అని తేల్చడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అరుదు. స్ట్రెప్టోకాకస్ తర్వాతి జబ్బులో లామినిన్, కొలాజెన్ యాంటీబాడీలకు ఇలాంటి సాక్ష్యం లేదు.

యాంటీ జీబీఎం జబ్బు చాలా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో సుమారు ఒకరికి వస్తుంది. వస్తే మాత్రం రోజుల్లో, వారాల్లో కిడ్నీని పాడుచేస్తుంది.

గుడ్‌పాశ్చర్ వర్ణించిన రోగికి కూడా ఇన్ఫెక్షన్ తర్వాతే వచ్చిందట కదా?

అవును. 1919లో అమెరికన్ రోగనిర్ధారణ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి రోజుల్లో చనిపోయిన పద్దెనిమిదేళ్ల యువకుడి గురించి రాశాడు. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, కిడ్నీ వాపు రెండూ ఉన్నాయి. ఆధార పొర యాంటీబాడీని గుర్తించే పరీక్ష అప్పటికి లేదు కాబట్టి ఆ యువకుడిది ఇప్పుడు మనం ఆ పేరుతో పిలిచే జబ్బేనా అన్నది ఎవరూ తేల్చలేరు. గుడ్‌పాశ్చర్ పేరును ఈ లక్షణాలకు పెట్టింది 1958లో, ఆస్ట్రేలియాకు చెందిన స్టాంటన్, టాంగే.

శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు, పొగ తాగడం, పెట్రోలు వంటి హైడ్రోకార్బన్ల ఆవిరి ఊపిరితిత్తుల పొరను దెబ్బతీసి, దాగి ఉన్న కొలాజెన్ భాగాన్ని బయటపెడతాయని భావిస్తున్నారు. కొవిడ్ మొదటి నెలల్లో వాయవ్య లండన్‌లో ఈ రోగులు మామూలు కంటే ఎక్కువగా కనిపించారని అక్కడి వైద్యులు 2020లో ప్రకటించారు. ఇన్ఫెక్షన్ ఒక్కటే చాలదు. హెచ్ఎల్ఏ డీఆర్‌బీ1 15:01 అనే జన్యు రకం ఉన్నవారిలో ముప్పు ఎక్కువ.

బయాప్సీలో ఈ రెండింటినీ ఎలా వేరు చేస్తారు?

ముగ్గు తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. కిడ్నీ ముక్కకు మెరిసే రంగు పట్టించి ప్రత్యేక మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఇన్ఫెక్షన్ తర్వాతి జబ్బులో ఐజీజీ యాంటీబాడీలూ సీ3 కాంప్లిమెంటూ ముగ్గుకు పెట్టిన చుక్కల్లా విడివిడిగా మెరుస్తాయి. యాంటీ జీబీఎం జబ్బులో ఐజీజీ చెయ్యి ఎత్తకుండా గీసిన గీతలా, రక్తనాళపు వంపు తిరిగిన చోటల్లా తనూ తిరుగుతూ మెరుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మొదటి జబ్బుకు పోడోసైట్ల కింద ఒంటె మూపురాల్లాంటి ముద్దలు కనిపిస్తాయి, రెండోదానిలో అవి ఉండవు.

దీర్ఘకాలిక మధుమేహం ఉన్నవారిలో యాంటీబాడీ జబ్బు లేకపోయినా గీతలాంటి మెరుపు రావచ్చు. అందుకే రక్తపరీక్షతో కలిపే నిర్ణయించాలి.

మా అబ్బాయికి బయాప్సీ, యాంటీ జీబీఎం పరీక్ష తప్పనిసరిగా చేయించాలా?

లక్షణాలు మామూలు దారిలో నడుస్తుంటే రెండూ అక్కర్లేదు. మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం), సీ3 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్, స్ట్రెప్టోకాకస్ ఆనవాలు చెప్పే పరీక్షలు సరిపోతాయి. సీ3 తగ్గడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. యాంటీ జీబీఎం జబ్బులో సీ3 సాధారణంగా మామూలుగానే ఉంటుంది.

క్రియాటినిన్ రోజురోజుకూ పెరుగుతున్నా, మొదట్లోనే సీ3 మామూలుగా ఉన్నా, దగ్గులో రక్తం పడినా, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు దాటినా సీ3 కోలుకోకపోయినా డాక్టర్లు యాంటీ జీబీఎం, ఏఎన్‌సీఏ (సన్నని రక్తనాళాల వాపు జబ్బుల్లో కనిపించే యాంటీబాడీ) పరీక్షల గురించి, బయాప్సీ గురించి ఆలోచిస్తారు. దగ్గులో రక్తంతో పాటు మూత్రం ఎర్రబడితే తెల్లారేదాకా ఆగకండి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి 2001లో ప్రచురించిన అనుభవం ఇందుకు కారణం. యాంటీ జీబీఎం జబ్బులో క్రియాటినిన్ డెసిలీటరుకు 5.7 మిల్లీగ్రాములు దాటకముందే ప్లాస్మా మార్పిడితో (రక్తంలోని ద్రవాన్ని, దానితో పాటు యాంటీబాడీలను తీసేయడం) సహా పూర్తి చికిత్స మొదలైనవారిలో 95 శాతం మందికి ఏడాది తర్వాత కిడ్నీలు పనిచేస్తున్నాయి. వచ్చేసరికే డయాలసిస్ అవసరమైనవారిలో అది 8 శాతమే.

లామినిన్, హెపరాన్ సల్ఫేట్ యాంటీబాడీలకు కూడా పరీక్ష చేయించవచ్చా?

అవి పరిశోధనలో వాడేవి. వాటి ఫలితాన్ని బట్టి చికిత్స మారదు, డబ్బు ఖర్చు చేయకండి.

ఏఎస్ఓ ఎక్కువగా ఉంది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి వేయించాలని పక్కింటివాళ్లు అంటున్నారు.

ఏఎస్ఓ అంటే స్ట్రెప్టోకాకస్ మీద పుట్టిన యాంటీబాడీని కొలిచే రక్తపరీక్ష. అది ఈమధ్య స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే చెబుతుంది. కిడ్నీ జబ్బు తీవ్రతను చెప్పదు. చర్మపు ఇన్ఫెక్షన్ తర్వాత అది పెరగకపోవచ్చు కూడా, అప్పుడు యాంటీ డీఎన్ఏస్ బీ పరీక్ష మెరుగు. ఏళ్ల తరబడి పెన్సిలిన్ వేసేది రుమాటిక్ జ్వరం వచ్చినవారికి. అది మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ గుండెను మరింత పాడుచేస్తుంది. ఈ కిడ్నీ జబ్బు రెండోసారి రావడం అరుదు కాబట్టి ఇంజెక్షన్ల అవసరం లేదు. గొంతులోనో చర్మం మీదో ఇన్ఫెక్షన్ ఇంకా ఉంటే మాత్రం యాంటీబయాటిక్ ఒక పూర్తి కోర్సు ఇస్తారు.

మూత్రం రంగు మారగానే ఇంట్లో ఏం చేయాలి? ఏం చేయకూడదు?

మన దగ్గర జరిగే పొరపాట్లు మూడు. రంగు చూసి పచ్చకామెర్లు అనుకుని పసరు తాగించడం మొదటిది. కామెర్లలో కళ్లు పచ్చబడతాయి. ఇక్కడ కళ్ల చుట్టూ వాపు వస్తుంది, మూత్రం టీ రంగులోనో మాంసం కడిగిన నీళ్లలాగానో ఉంటుంది. పసరు వల్ల పోయిన రెండు రోజుల్లో బీపీ ప్రమాదస్థాయికి చేరవచ్చు.

వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు దండిగా పట్టించడం రెండోది. ప్రేమతో చేసే పనే, ఎవరినీ తప్పుపట్టలేం. కానీ మూత్రం తగ్గిన పిల్లవాడికి ఎక్కువ నీరు ఇస్తే అది ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కొబ్బరి నీళ్లలో, పళ్ల రసాల్లో ఉండే పొటాషియం గుండె లయను దెబ్బతీయగలదు. ఎంత నీరు ఇవ్వాలో డాక్టరు లెక్కకట్టి చెబుతారు. ఒంటినొప్పులకు మందుల దుకాణంలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కొనివ్వడం మూడో పొరపాటు. అవి వాచిన కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి.

ఉప్పు బాగా తగ్గించాలి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ప్యాకెట్ చిరుతిళ్లు కొన్ని వారాలు పక్కన పెట్టండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, పడుకుంటే ఆయాసం, రోజంతా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

యాంటీబాడీల వల్ల వచ్చిన జబ్బు కదా, స్టెరాయిడ్లు వేస్తే త్వరగా తగ్గదా?

సాధారణ రూపంలో అవసరం లేదు. ఉప్పు తగ్గించడం, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్, బీపీ మందులు, ఇవే చికిత్స. వాపు తనంతట తానే చల్లారుతుంది. కిడ్నీ వేగంగా దెబ్బతింటూ బయాప్సీలో నెలవంక ఆకారపు కణాల గుంపులు ఎక్కువగా కనిపిస్తే స్టెరాయిడ్ల గురించి నిపుణులు ఆలోచిస్తారు.

మా నాన్నగారికి అరవై ఐదేళ్లు, షుగర్ ఉంది. కాలి పుండు తర్వాత ఇలాగే వచ్చింది. ఆయనకూ ఇంతేనా?

కాదు, ఆయన విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా మధుమేహులలో, తరచుగా కారణం స్టెఫైలోకాకస్. పిల్లల్లో ఇన్ఫెక్షన్ తగ్గాక కిడ్నీ జబ్బు వస్తే, వీళ్లలో ఇన్ఫెక్షన్ సాగుతుండగానే వస్తుంది. బయాప్సీలో ఐజీజీకి బదులు ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీ ప్రధానంగా కనిపించడం మామూలే. ముందు పుండును శుభ్రం చేయించి, ఇన్ఫెక్షన్‌ను పూర్తిగా తగ్గించాలి. అది ఉండగా స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణాపాయం. పిల్లల్లా పూర్తిగా కోలుకునే అవకాశం కూడా వీళ్లలో తక్కువ.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు దీనితో సంబంధం ఉందా?

లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించేది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ముదిరే జబ్బు. ముఖ్యంగా దెబ్బతినేవి గ్లోమెరులస్‌లు కావు, వాటి తర్వాత ఉండే గొట్టాలూ చుట్టూ ఉన్న కణజాలమూ. దానికి ముందు గొంతునొప్పి గానీ ఎర్రటి మూత్రం గానీ ఉండవు.

ఇది అంటుకుంటుందా? హాస్టల్లో ఒకేసారి నలుగురికి ఎలా వచ్చింది?

కిడ్నీ జబ్బు అంటదు, స్ట్రెప్టోకాకస్ అంటుతుంది. హాస్టళ్లలో గజ్జి ముందు వస్తుంది, గోకిన చోట చీము పొక్కులు లేస్తాయి, కొన్ని వారాలకు మూత్రం రంగు మారుతుంది. కాబట్టి గజ్జిని చిన్న విషయంగా వదిలేయకూడదు. పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి పాదాల దాకా, ఒకే గదిలో పడుకునే అందరికీ ఒకే రోజు రాయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఒక్కరికే రాస్తే రెండు వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది.

పాల ద్వారా కూడా ఒకసారి వచ్చింది. 1997–98లో బ్రెజిల్‌లోని నోవా సెరానాలో వేడిచేయని పాలతో చేసిన చీజ్ తిని రెండు వందలకు పైగా జనం ఈ జబ్బున పడ్డారు. అక్కడి బ్యాక్టీరియా పశువుల్లో ఉండే జూఎపిడెమికస్ రకం. పాలు కాచి తాగే మన అలవాటు మంచిదే.

పూర్తిగా తగ్గడానికి ఎంతకాలం పడుతుంది?

వాపు ఒకటి రెండు వారాల్లో తీస్తుంది, బీపీ కొన్ని వారాల్లో కుదుటపడుతుంది. సీ3 ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. ఆ పరీక్ష తప్పకుండా మళ్లీ చేయించండి, పిల్లవాడు హుషారుగా ఉన్నాడని మానేయకండి. మైక్రోస్కోప్‌లో మాత్రమే కనిపించే రక్తకణాలు ఏడాది, ఒక్కోసారి అంతకుమించి కూడా మూత్రంలో ఉండవచ్చు. దానికి బెంగపడనక్కర్లేదు. పిల్లల్లో చాలా ఎక్కువ మంది పూర్తిగా కోలుకుంటారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఏడాదికోసారి బీపీ, మూత్రం చూపించుకుంటే చాలు.

ఇన్ని యాంటీబాడీల పరిశోధన రోగికి ఎలా ఉపయోగపడింది?

రెండు విషయాలు చెబుతాను. 2020లో ఫ్రాన్స్ పరిశోధకులు, ఇన్ఫెక్షన్ తర్వాతి కిడ్నీ జబ్బు వచ్చిన 34 మంది పిల్లల్లో 31 మందికి ఆధార పొర మీద కాకుండా, కాంప్లిమెంట్ వ్యవస్థలోని ఫ్యాక్టర్ బీ మీద యాంటీబాడీలు ఉన్నాయని చూపించారు. సీ3 ఎందుకు పడిపోతుందో, కోలుకున్నాక ఎందుకు లేస్తుందో దీనితో చాలావరకు అర్థమైంది. ఆ యాంటీబాడీలు కొద్దికాలమే ఉంటాయి. సీ3 ఎప్పటికీ తక్కువగా ఉండే, మొండిదైన మరో కిడ్నీ జబ్బు నుంచి దీన్ని వేరు చేయడానికి ఇది ఉపకరించవచ్చు.

రెండోది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి. మన యాంటీబాడీల నుంచి తప్పించుకోవడానికి స్ట్రెప్టోకాకస్ ఒక ఎంజైమును వదులుతుంది, అది ఐజీజీని రెండు ముక్కలుగా కోస్తుంది. దాన్నే ప్రయోగశాలలో తయారుచేసి ఇమ్లిఫిడేజ్ అనే మందుగా మలిచారు. కిడ్నీ మార్పిడికి అడ్డుపడే యాంటీబాడీలను తొలగించడానికి ఐరోపాలో 2020లో షరతులతో అనుమతి వచ్చింది. యాంటీ జీబీఎం రోగులలోనూ దాన్ని ప్రయత్నించారు. సూది వేసిన కొన్ని గంటల్లోనే రక్తంలో తిరిగే ఆధార పొర యాంటీబాడీలు తెగిపోయాయి.